ఋతుపర్ణుడు లెక్కించిన ఆకులు

ఈసారి నేను వ్రాయబోయేది జూదాన్ని గురించి, లెక్కను గురించి, అమెరికావారి ఫుట్‌బాల్‌ను గురించి. తెలుగు పండితునికి ఫుట్‌బాల్‌తో ఏమి పని అని మీరు నవ్వుకోవచ్చు. టపా చివరిదాకా చదివి ఆ తరువాత నవ్వండి.

2025 ఆగస్టు చివరి వారంలో ఒక సాయంకాలం, తిరుపతిలోని మా యింటికి నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. చిత్తూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో పాతికేళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు చిన్న దుకాణం నడుపుకుంటున్నాడు. చేతిలో లాంగ్ నోటుబుక్కు ఒకటి ఉంది. కాఫీ తాగినంతసేపూ ఏవేవో మాట్లాడి, గ్లాసు కింద పెట్టి, తల వంచుకొని ఇలా అన్నాడు:

"సార్, మీరే గదా చెప్పినారు. నలమహారాజు లెక్క నేర్చుకున్న తర్వాత పోగొట్టుకున్నదంతా మళ్ళీ గెల్చుకున్నాడని. నేనూ లెక్క నేర్చుకున్నా సార్. మరి నాకెందుకు పోయింది?"

ఎంత పోయిందని అడిగాను. "లక్ష దాకా" అన్నాడు. క్రికెట్ ఫాంటసీ ఆటలో పోయిందట. ఆ నెలలోనే కొత్త చట్టం వచ్చి డబ్బు పందేలు ఆగిపోయాయి. పోయినదాన్ని రాబట్టుకొనే దారి మూసుకుపోయిందని అతని దిగులు. దొంగచాటుగా బెట్టింగు కట్టించుకొనేవాడు ఒకడు పరిచయమయ్యాడట, అటు పోవాలా వద్దా అన్నది అతని సందేహం. అందుకే గురువు గుర్తుకు వచ్చాడు.

అతని ప్రశ్నకు ఆ పూట నేను సమాధానం చెప్పలేకపోయాను. నోటుబుక్కు నా దగ్గర ఉంచి పొమ్మన్నాను. ఆ రాత్రి మొదట చూసింది నోటుబుక్కు కాదు, భారతం.

నలోపాఖ్యానం అరణ్యపర్వంలో, నన్నయ తెలిగించిన భాగంలోనే ఉంది. జూదంలో సర్వం పోగొట్టుకొని అడవులపాలైన ధర్మరాజుకు, అంతకంటె ఎక్కువ కష్టపడినవాడు ఒకడు ఉన్నాడని బృహదశ్వ మహర్షి చెప్పిన కథ అది. మన పాఠ్యప్రణాళికలలో నలుడంటే హంస రాయబారం, దమయంతీ స్వయంవరం. శ్రీహర్షుని నైషధం వివాహ సౌఖ్యంతోనే ముగుస్తుంది గనుక దానిననుసరించిన శ్రీనాథుని శృంగారనైషధంలోనూ జూదం దాకా కథ నడవదు. నేను మాత్రం తరగతిలో మిగిలిన కథ కూడా చెప్పేవాణ్ణి. పిల్లలు ఊపిరి బిగబట్టి వినే ఘట్టం ఒకటి అందులో ఉంది.

నలుడు బాహుకుడనే పేరుతో, వికృతరూపంతో, అయోధ్యాధిపతి ఋతుపర్ణుని వద్ద సారథిగా ఉన్నాడు. దమయంతికి మళ్ళీ స్వయంవరమన్న వార్త వచ్చింది. ఒక్క పగటిలో విదర్భకు చేరాలి. రథం గాలిలా పోతున్నది. తన సారథి విద్యను చూసి ముచ్చటపడిన రాజు, తన విద్య కూడా కొంత చూపాలని, దారిపక్కన ఉన్న విభీతక వృక్షాన్ని చూపి, దాని రెండు కొమ్మలలో అయిదు కోట్ల ఆకులు, రెండు వేల తొంభై అయిదు కాయలు ఉన్నాయన్నాడు. సంస్కృత భారతంలోని అంకెలివి. అయిదు కోట్లు కవి వేసిన లెక్క కావచ్చు గాని, ఆ తొంభై అయిదు మాత్రం గణకుడు వేసినదే!

నలుడు నమ్మలేదు. రథం ఆపి లెక్కపెడతానన్నాడు. ఆలస్యమవుతుందని రాజు ఆత్రపడ్డాడు. చివరకు, కొమ్మలో ఒక భాగాన్ని లెక్కించినా తన మాట నిజమని తెలుస్తుందని ఒప్పుకున్నాడు. నలుడు చెట్టు నరికి లెక్కించాడు. సరిపోయింది. నలుడు తన అశ్వహృదయమిచ్చి రాజు వద్దనున్న అక్షహృదయం పుచ్చుకున్నాడు. వెంటనే అతని దేహంలో దాగి ఉన్న కలిపురుషుడు బయటకు వచ్చి ఆ చెట్టునే ఆశ్రయించాడు.

విభీతకమంటే మన తాండ్ర చెట్టు. దాని కాయ తానికాయ, త్రిఫలాలలో ఒకటి. మన శేషాచలం అడవులలోనూ ఉన్నది. వేదకాలంలో పాచికలుగా వాడినవి ఈ కాయలే. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తంలో జూదరి విలపించేది వీటిని తలచుకొనే. అంటే ఋతుపర్ణుడు లెక్కించింది ఏదో ఒక చెట్టును కాదు, జూదపు చెట్టును. కొమ్మలో ఒక భాగాన్ని చూసి మొత్తాన్ని ఊహించడం, ఆ ఊహకూ పాచికల విద్యకూ సంబంధం కల్పించడం ఇంత ప్రాచీన గ్రంథంలో కనబడటం చూసి పాశ్చాత్యులు కూడా ఆశ్చర్యపోయారు. సంభావ్యతా గణితపు పుట్టుకను గురించి 1975లో ఇయాన్ హాకింగ్ వ్రాసిన గ్రంథంలో ఈ ఘట్టం ప్రస్తావన ఉన్నది.

మన దేశంలో మరొక రకం అంచనా కూడా ఉన్నదని మరువరాదు. కుక్కుటశాస్త్రం. ఏ వారం, ఏ నక్షత్రంలో, ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పే శాస్త్రమది. బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపోరు నుంచి నేటి సంక్రాంతి బరుల దాకా దానికి ఆదరణ తగ్గలేదు. అది ఆకాశం చూసి చెబుతుంది. ఋతుపర్ణుడు కొమ్మను చూసి చెప్పాడు. ఈ రెండింటికీ ఉన్న తేడాయే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

మరునాడు ఆదివారం. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోను చేశాడు. నోటుబుక్కు సంగతి చెబితే వాడు నవ్వి, "నాన్నా, ఇక్కడ మేమూ అదే పని చేస్తున్నాము. కాకపోతే పందెం లేదు. ఓడినవాడు అందరికీ భోజనం పెట్టాలి, అంతే" అన్నాడు. వాడి కార్యాలయంలోని పదిమంది మిత్రులు, అందులో నలుగురు తెలుగువాళ్ళు, ఏటా సెప్టెంబరుకు ముందు అక్కడి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను కాగితం మీద పంచుకుంటారట. నిజమైన ఆటలో వారు చేసిన పనికి ఇక్కడ అంకెలు పడతాయి.

ఈ వేడుకకు కూడా చరిత్ర ఉన్నది. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టు న్యూయార్కు ప్రాంతానికి వెళ్ళినప్పుడు, ఆ జట్టు వాటాదారులలో ఒకడైన బిల్ వింకెన్‌బాక్, జట్టు ఉద్యోగి బిల్ టన్నెల్, విలేఖరి స్కాటీ స్టర్లింగ్ ఒక హోటలు గదిలో కూర్చొని దీని నియమాలు వ్రాసుకున్నారు. 1963 ఆగస్టులో ఎనిమిది జట్లతో వింకెన్‌బాక్ ఇంట్లో తొలి పంపకం జరిగింది. అంతకుముందు నుంచే ఆయనకు గోల్ఫ్ ఆటగాళ్ళతో ఇటువంటి లెక్కలు వేసే అలవాటు ఉండేదట. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత న్యూయార్కులో బేస్‌బాల్‌కు ఇటువంటిదే కల్పించాక ఇది దేశమంతా పాకింది.

"ఈ ఆటలో అన్నిటికంటె కష్టమైన అంచనా టైట్ ఎండ్‌ది నాన్నా" అన్నాడు మా వాడు. వాడు వివరించినది నాకు అర్థమైనంతలో చెబుతాను.

టైట్ ఎండ్ అంటే వరుస చివర నిలబడే ఆటగాడు. అతనిది రెండు పనుల కొలువు. ఒకప్పుడు ఎదుటివాణ్ణి తోసి తనవాడికి దారి చేస్తాడు. ఇంకొకప్పుడు తానే పరుగెత్తి బంతిని అందుకుంటాడు. కాగితపు ఆటలో అంకెలు పడేది రెండవ పనికే. మొదటి పని ఎంత చెమటోడ్చి చేసినా సున్న! కాబట్టి అతడు మైదానంలో ఎంతసేపు ఉన్నాడన్నది చాలదు. అందులో ఎన్నిసార్లు బంతి కోసం పరుగెత్తాడు, ఎన్నిసార్లు బంతి అతని వైపుకు వచ్చింది, ఎన్నిసార్లు చేజిక్కింది అని మెట్టుమెట్టుగా దిగాలి.

వాడు ఉదాహరణకు ఒక లెక్క వేసి చూపాడు. ఒక జట్టు ఆటకు 34 సార్లు బంతి విసురుతుందనుకుందాం. సంవత్సరానికి 17 ఆటలు. మొత్తం 578. అందులో అయిదవ వంతు మన టైట్ ఎండ్ వైపుకు వస్తే సుమారు 115. నూటికి డెబ్బై చేజిక్కితే 80. ఇది పనివాటా అంచనా. ఒకడు ఎంత గొప్పవాడు అని కాక, వాడికి ఎంత పని దొరుకుతుంది అని అడగడంలో దీని సారమంతా ఉన్నది. ప్రతిభ నెమ్మదిగా మారుతుంది. పని మాత్రం శిక్షకుడి ఇష్టాన్ని బట్టి రాత్రికి రాత్రి మారవచ్చు.

ఈ వాటా కాలక్రమంలో పెరుగుతూ వచ్చింది. 1961లో మైక్ డిట్కా తన తొలి సంవత్సరంలో 14 ఆటలలో 56 సార్లు బంతి అందుకుంటే, తోసేవాడు ఇంతగా పట్టగలడా అని చూశారట. 1978లో నియమాలు మారి, బంతి అందుకోబోయేవారిని రక్షకులు అడ్డగించడం మీద హద్దులు ఏర్పడ్డాయి. 1980లో కెల్లెన్ విన్‌స్లో 89 సార్లు అందుకున్నాడు. 2024లో బ్రాక్ బవర్స్ అనే కుర్రవాడు తొలి ఏడే 112 సార్లు అందుకున్నాడు. డిట్కా లెక్కకు సరిగ్గా రెట్టింపు. అరవై ఏళ్ళలో ఒక కొలువు స్వభావమే మారిపోయింది. పాత అంచనాలు పట్టుకొని కూర్చున్నవాడు నష్టపోతాడు.

ఇది విన్న తరువాత నా శిష్యుని నోటుబుక్కు తెరిచాను. ఆశ్చర్యం! అందులో ఉన్నదీ ఇదే విద్య. క్రికెట్టులో టైట్ ఎండ్‌కు సమానుడు ఆల్‌రౌండరు. అతనిదీ రెండు పనుల కొలువే. ఇరవై ఓవర్ల ఆటలో ఒక జట్టుకు 120 బంతులు. ఒక్కొక్క బౌలరుకు నాలుగు ఓవర్లే గరిష్ఠం, అంటే 24 బంతులు. ఆరవ స్థానంలో దిగే ఆల్‌రౌండరుకు బ్యాటుతో ఎన్ని బంతులు దొరుకుతాయి? పైవారు 90 ఆడితే మిగిలిన 30లో సగం, 15. బంతితో ఎన్ని? నాయకుడు నాలుగు ఓవర్లు ఇవ్వవచ్చు, రెండు ఇవ్వవచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు.

మన విశాఖపట్నం కుర్రవాడు నితీష్ కుమార్ రెడ్డినే చూడండి. 2024 అక్టోబరు 9న ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద 34 బంతులలో 74 పరుగులు చేసి, నాలుగు ఓవర్లు వేసి రెండు వికెట్లు తీశాడు. రెండు చేతుల నిండా పని. అదే ఏడు డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసినప్పుడు తెలుగు దేశమంతా మురిసింది. 2025 జనవరిలో గాయపడి, కోలుకొని ఐపీఎల్‌కు వచ్చాక బంతి అతని చేతికి అరుదుగానే వచ్చింది. పేరు అదే, ఆల్‌రౌండరన్న బిరుదూ అదే, పనివాటా మాత్రం సగమైంది. దీనికి తోడు 2023లో ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ నియమం వచ్చింది. పదకొండుగురిలో ఒకరిని ఆట మధ్యలో మార్చుకోవచ్చు. బ్యాటుకు ఒకణ్ణి, బంతికి ఒకణ్ణి వేరువేరుగా దింపగలిగినప్పుడు రెండూ కొంచెం కొంచెం చేసేవానితో పనేమిటి? ఈ నియమం వలన ఆల్‌రౌండర్లు ఎదగడం లేదని రోహిత్ శర్మ 2024లో బహిరంగంగానే అన్నాడు.

నా శిష్యుడు ఇదంతా కనిపెట్టాడు. 2024 ఐపీఎల్‌లోని 74 మ్యాచిల పట్టిక అతని నోటుబుక్కులో ఉన్నది. వానకు రద్దయినవాటికి ఎర్రసిరాతో అడ్డగీతలు. ప్రతి ఆల్‌రౌండరుకూ గడులు: ముందు అనుకున్న ఓవర్లు, వేసిన ఓవర్లు, అనుకున్న బంతులు, ఆడిన బంతులు. నేను మార్కుల రిజిస్టరు గీసిన తీరులోనే గీశాడు. ఊరికే ఇరవై చోట్ల వేలు పెట్టి చూశాను. పదునాలుగు చోట్ల అతని ఓవర్ల అంచనా ఒక్క ఓవరు తేడాలో ఉన్నది. నా విద్యార్థులలో ఋతుపర్ణుడు ఒకడున్నాడని గర్వం కలిగింది. మరి డబ్బు ఎందుకు పోయింది?

దీనికి సమాధానం వెతకబోతే మన న్యాయచరిత్ర అడ్డం వచ్చింది. ఎందుకంటే ఈ ప్రశ్ననే మన న్యాయస్థానాలు అరవై ఏళ్ళకు పైగా వేసుకుంటున్నాయి. 1957లో చమార్‌బాగ్‌వాలా వ్యాజ్యంలో, నైపుణ్యం ప్రధానమైన పోటీ వేరు, జూదం వేరు అని సుప్రీం కోర్టు గీత గీసింది. ఆ గీతను రమ్మీ దాకా పొడిగించినది మన తెలుగు వ్యాజ్యమే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ నడిచిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పడిన ముక్కలు జ్ఞాపకముంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తెలియాలి, కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని దాని సారాంశం.

1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యపు ఆటలను మినహాయించింది. 1996లో మద్రాసు గుర్రప్పందేల వ్యాజ్యంలో అదే మాట. చిత్తూరు నుంచి గిండీకి పోయివచ్చే మా తాతలనాటి పెద్దమనుషులు బ్రతికి ఉంటే సంతోషించేవారు! 2008లో మొదలైన డ్రీమ్11 ఫాంటసీ ఆట విషయంలో 2017 ఏప్రిల్‌లో పంజాబ్, హర్యానా హైకోర్టు కూడా నైపుణ్యమనే తేల్చింది. అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం తన చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి నెలలో 132 వెబ్‌సైట్లు, యాప్‌లను నిలిపివేయాలని ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ వ్రాశారు. ఏ రాష్ట్రం నుంచి వచ్చిన వ్యాజ్యం రమ్మీని కాపాడిందో ఆ రాష్ట్రమే తలుపు మూసింది.

కాని మా జిల్లాలకు పొలిమేర దగ్గర. చిత్తూరు దాటి కొంతదూరం పోతే తమిళనాడు. అక్కడ ఫాంటసీ ఆటలు నడిచాయి. సెల్‌ఫోను ఎక్కడుందో చూసి యాప్ తలుపు తీస్తుంది, మూస్తుంది. నా శిష్యుడు మ్యాచి ఉన్న సాయంకాలాలలో దుకాణం మూసి, మోటారుసైకిలు మీద పొలిమేర దాటి, ఒక టీ బంకు దగ్గర కూర్చొని పదకొండుగురి పేర్లు నొక్కి వచ్చేవాడట. ఇటువైపు నేరం, అటువైపు నైపుణ్యం! చివరకు 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా, రెండూ కలిసినవైనా, ఆన్‌లైన్ డబ్బు పందేలన్నిటినీ ఒకే గాట కట్టింది. నడిపేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు.

ఇక్కడ ఒక విషయం మిత్రులు గమనించాలి. సత్యనారాయణ తీర్పులో అందరూ వల్లించే మాట నైపుణ్యం. ఆ తీర్పులోనే మరొక మాట ఉన్నది. క్లబ్బు వసూలు చేసిన కొద్దిపాటి రుసుములు సేవకు తగినవేనని భావించి ఆ వ్యాజ్యంలో విడిచిపెట్టినా, పందెం కాసి ఆడే ఆట మీద ఆ ఇంటి యజమాని లాభం గడిస్తున్నట్లు సాక్ష్యముంటే నేరం రుజువు కావచ్చునని కూడా న్యాయమూర్తులు హెచ్చరించారు. ఆడేవాని తెలివి ఒక గడి, నడిపేవాని లాభం మరొక గడి. రెండవ గడిని చదివేవారు తక్కువ.

అప్పుడు నోటుబుక్కు మళ్ళీ తెరిచాను. ముందు రాత్రి చూడనిది ఇప్పుడు కనబడింది. ఓవర్లకు గడి ఉంది, బంతులకు గడి ఉంది, పరుగులకు గడి ఉంది. పెట్టిన సొమ్ముకు గడి లేదు! 74 మ్యాచిల పట్టికలో ఒక్కచోట కూడా రూపాయి గుర్తు లేదు.

అతణ్ణి పిలిపించాను. వచ్చాడు. నాకు తోచినంతలో ఇలా చెప్పాను.

"నాయనా, నీ లెక్క తప్పు కాదు. అయితే ఋతుపర్ణుని చెట్టు మీద ఆకులు అప్పటికే ఉన్నాయి. ఆయన చేసిందల్లా ఉన్నదాన్ని ఎంచడం. రేపటి మ్యాచిలో బంతులు ఇంకా చిగురించలేదు. ఆ ఆటగాడికి రెండు ఓవర్లు వస్తాయని నువ్వు సరిగా చెప్పినా, ఆ పన్నెండు బంతులలో వికెట్టు పడుతుందో, సిక్సర్లు పోతాయో ఎవరు చెప్పగలరు? 74 మ్యాచిలకు సగటు చూస్తే నీ అంచనా నిలుస్తుంది. ఒక్క రాత్రికి నిలవదు. నువ్వు సొమ్ము పెట్టినదేమో ఒక్కొక్క రాత్రికి.

ఇంకొకటి. నలుడు ఆడింది పుష్కరుడు ఒక్కడితో. అతనికి అక్షహృదయం తెలియదు. నువ్వు ఆడింది వేలమందితో, లక్షలమందితో. వారిలో నీవలె నోటుబుక్కు పెట్టుకున్నవారు ఎందరో! అందరికీ తెలిసిన రహస్యానికి విలువ ఉండదు. మూడవది, పుష్కరునితో ఆడినప్పుడు మధ్యలో వాటా తీసుకొనే మూడవవాడు లేడు. నూరు రూపాయలు పోగైతే పదిహేను నడిపేవాడు తీసుకున్నాడనుకో, మిగిలిన ఎనభై అయిదే మీరంతా పంచుకోవాలి. పైగా 2023 ఏప్రిల్ నుంచి గెలిచిన దానిలో నూటికి ముప్పై ముందే కోసుకుంటారు. అక్టోబరు నుంచి కట్టే సొమ్ము మీద నూటికి ఇరవై ఎనిమిది జి.ఎస్.టి. వేశారు. సగటున మీరంతా ఓడవలసిందే. నీ తెలివి ఇతరులకంటె కొంచెం ఎక్కువైతే చాలదు, ఈ కోతలన్నిటినీ దాటేంత ఎక్కువ కావాలి."

అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి నలుడు గెలిచినాడు గదా సార్" అన్నాడు, చిన్నపిల్లవానివలె.

అప్పుడు నేను ఒప్పుకోవలసి వచ్చింది. తప్పు నాది కూడా. రెండవ జూదంలో నలుడు తన ధనాన్నే కాదు, దమయంతిని సైతం పణంగా పెట్టాడు. తరగతిలో నేను ఆ మాట దాటవేసి, గెలిచాడు, రాజ్యం వచ్చింది, అందరూ సుఖంగా ఉన్నారని ముగించేవాణ్ణి. గంట కొట్టే వేళ అయ్యేది. అందరికీ ముగింపు సంతోషంగా ఉండాలి. నలభైమంది పిల్లలలో ఎందరి మనసులో ఏది మిగిలిందో నాకు తెలియదు. ఒకడి మనసులో మాత్రం, లెక్క వస్తే పోయింది తిరిగి వస్తుందన్నది పాతికేళ్ళు నిలిచిపోయింది. బృహదశ్వుడు ధర్మరాజుకు అక్షహృదయం ఉపదేశించాడు గాని, వెళ్ళి మళ్ళీ ఆడమని చెప్పలేదు. ఎవరైనా పిలుస్తారన్న భయం నీకు ఇక వద్దని ఇచ్చాడు. విద్య ఇచ్చినది భయం పోవడానికి. ఆ వాక్యం నేను తరగతిలో నొక్కి చెప్పి ఉండవలసింది.

నోటుబుక్కు తిరిగి యిచ్చి, ఎర్రసిరా కలం కూడా ఇచ్చాను. "చివర ఒక గడి గీయి. ప్రతి మ్యాచికీ ఎంత పెట్టావో, ఎంత వచ్చిందో బ్యాంకు కాగితాలు చూసి వ్రాయి. ఆ బెట్టింగు మనిషి దగ్గరకు పోవాలో వద్దో అది పూర్తయ్యాక నన్నడుగు" అన్నాను.

ఎనిమిది రోజుల తరువాత వచ్చాడు. ఈసారి భార్యను కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. గడి పూర్తయింది. లక్ష కాదు. రెండు లక్షల ఎనభై వేల చిల్లర. ఆ అంకె చూసేదాకా తనకే తెలియదన్నాడు. గెలిచిన రాత్రులు జ్ఞాపకమున్నాయట, ఓడిన రాత్రులు కలిసిపోయాయట. ఎంత మంది ఆటగాళ్ళ పని వాటాలను అంత నిశితంగా ఎంచినవాడు తన సొంత సొమ్ము లెక్క ఎంచలేదు. ఆ అమ్మాయి నోటుబుక్కు తన చేతిలోకి తీసుకొని, చివరి పుట మీద వేలు పెట్టి, కింది నుంచి పైకి ఒక్కొక్క అంకే చదువుకుంటూ కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి కాఫీ కలపమన్నాను.

బెట్టింగు మనిషి సంగతి అతడు మళ్ళీ అడగలేదు. దుకాణం మీద తీసుకున్న అప్పు వాయిదాలలో తీరుస్తున్నాడు. ఇంకా చాలా మిగిలి ఉంది. నోటుబుక్కు ఇప్పుడు వారింట్లో ఆమె దగ్గర ఉన్నదట.

మా అబ్బాయి ఆ ఏటి టైట్ ఎండ్ అంచనాలో తప్పాడు. మిత్రులందరికీ భోజనం పెట్టాడు. పులిహోర చేయించాడట.